ఆటలో తొడిగిన పాత హాకీ జెర్సీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా హాల్లో సోఫా పైన గోడకి ఒక జెర్సీ ఉంటుంది. కుడి మోచేతి దగ్గర రఫూ చేసిన చోట చిన్న ఉబ్బు, పొట్ట మీద నల్లటి చారలు, అంచు దగ్గర ఎప్పటికీ పోని పసుపు మరక. భోజనానికి వచ్చినవాళ్ళు గుత్తొంకాయ బాగుందంటూనే దాని వంక చూస్తుంటారు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఆగలేక అడిగేస్తారు: “ఆ చిరిగిన చొక్కాకి ఫ్రేమ్ ఎందుకు కట్టించారండీ?” టొరంటో పక్క ఊళ్ళో ఉంటూ పదిహేనేళ్ళుగా ఈ ప్రశ్నకి జవాబు చెప్తున్నాను. దాని వెనకాలే వచ్చే మిగతా ప్రశ్నలు కూడా నాకు కంఠతా వచ్చేశాయి. అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

హాకీ అంటే మన హాకీయేనా?

కాదు. కెనడాలో, అమెరికాలో ఉత్తినే హాకీ అంటే మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడేది. ధ్యాన్‌చంద్ ఆడినదాన్ని ఇక్కడివాళ్ళు ఫీల్డ్ హాకీ అంటారు. మంచు హాకీలో పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్, 1917లో మొదలైంది. 1942 నుంచి 1967 దాకా పాతికేళ్ళు అందులో ఆరే జట్లు: మాంట్రియల్, టొరంటో, బోస్టన్, న్యూయార్క్, డెట్రాయిట్, చికాగో. 1967లో ఒక్కసారిగా పన్నెండయ్యాయి. మావాళ్ళు, అంటే ఆటలో తొడిగిన జెర్సీలు సేకరించేవాళ్ళు, ‘పాతవి’ అంటే ఎక్కువగా ఆ ఆరు జట్ల కాలం నాటివి, లేదా ఆ తర్వాతి 1970లు, 80ల నాటివి.

మన హాకీ జెర్సీలు ఇలా వెతికి దాచేవాళ్ళు నాకు ఇప్పటిదాకా తగల్లేదు. హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ ఆడారు. ఆ రోజుల జెర్సీ ఏదైనా ఎవరి బీరువాలోనైనా ఉంటే, దయచేసి స్టీలు గిన్నెలకి వేసేయకండి.

‘గేమ్‌వోర్న్’ అంటే సరిగ్గా ఏమిటి?

ఒక ఆటగాడు నిజంగా మ్యాచ్‌లో తొడుక్కుని ఆడినది. వినడానికి ఇంతే. చిక్కంతా దాని చుట్టాలతోనే.

దుకాణంలో అభిమానుల కోసం అమ్మేది రెప్లికా. దుకాణంలోనే దొరికినా ఆటగాళ్ళ దానితో సమానమైన బట్ట, కుట్టు ఉన్నది ఆథెంటిక్. జట్టు ఒక ఆటగాడి పేరు మీద కుట్టించి సిద్ధం చేసినా అతను ఎప్పుడూ వేసుకోనిది టీమ్ ఇష్యూడ్. మ్యాచ్‌కి ముందు కాసేపు స్కేటింగ్ చేసేటప్పుడు తొడిగి తీసేసేది వార్మప్ జెర్సీ. ఇవేవీ గేమ్‌వోర్న్ కావు. టీమ్ ఇష్యూడ్‌ని గేమ్‌వోర్న్ అని చెప్పి అమ్మడం ఈ లోకంలో అన్నిటికన్నా మామూలు మోసం. ఎందుకంటే బట్ట అసలుది, కుట్టు అసలుది, పేరు అసలుది. లేనిదల్లా చెమట ఒక్కటే.

పాతవి అంత తక్కువ ఎందుకు దొరుకుతాయి?

అప్పట్లో వాటిని ఎవరూ జ్ఞాపికలుగా చూడలేదు కాబట్టి. జట్టుకి అది ఒక ఖర్చు. ఉన్ని స్వెటర్ చిరిగితే ట్రైనర్, అంటే జట్టు బట్టలు, సామాను చూసుకునేవాడు, రఫూ చేసేవాడు. మళ్ళీ చిరిగితే మళ్ళీ చేసేవాడు. సీజన్ అయ్యాక పెద్దన్న చొక్కా తమ్ముడికి దిగినట్టు, ఆ జెర్సీలు కింది స్థాయి అనుబంధ జట్టుకి దిగేవి. అక్కడ అంకె ఊడదీసి ఇంకో అంకె కుట్టేవాళ్ళు, ముందున్న బొమ్మ కూడా మార్చేవాళ్ళు. ఆ జట్టు వాడాక ప్రాక్టీసుకి. ప్రాక్టీసుకి కూడా పనికిరాకపోతే పారేయడమే.

ఇప్పుడు ఒక ఆటగాడికి సీజన్‌కి రెండు మూడు సెట్లు మారుస్తారు, ప్లేఆఫ్స్‌కి మళ్ళీ కొత్తవి. అప్పుడు సీజన్ మొత్తానికి ఒక ఆటగాడికి సొంత ఊళ్ళో ఆడటానికి ఒకటి రెండు, పరాయి ఊళ్ళకి ఒకటి రెండు ఉంటే గొప్ప. అవి కూడా ఇలా అరిగిపోయాయి. అందుకే 1950ల స్వెటర్ ఒకటి బయటపడితే, చాలాసార్లు అది ఏ ట్రైనర్ ఇంటి అటక మీదనుంచో, ఊళ్ళో పిల్లల జట్టుకి దానమిచ్చిన మూటలోంచో వచ్చిందై ఉంటుంది. వెనకవైపు పాత అంకె ఊడదీసిన కుట్టు రంధ్రాలు కనిపిస్తే కంగారు పడకండి, కొన్నిసార్లు అదే దాని జాతకం.

కొందరు జెర్సీ అంటారు, కొందరు స్వెటర్ అంటారు. తేడా ఉందా?

తేడా లేదు, వయసు ఉంది. మొదట్లో అవి నిజంగా ఉన్ని స్వెటర్లే, అందుకే కెనడాలో పెద్దవాళ్ళు ఇప్పటికీ స్వెటర్ అనే అంటారు. సుమారుగా 1950ల దాకా ఉన్ని. ఆ తర్వాత డ్యూరీన్ అని మెరుపున్న నూలు అల్లిక వచ్చింది. 1970ల మధ్య నుంచి సన్న రంధ్రాలున్న మెష్, అంటే నైలాన్, పాలిస్టర్. ఉన్ని మీద అంకెలు ఫెల్ట్ గుడ్డవి, తర్వాతివి గట్టి ట్విల్ గుడ్డవి. ఈ వరస ఒకటి గుర్తుంచుకుంటే సగం బోగస్ సరుకు దూరం నుంచే తెలిసిపోతుంది.

ఏ సంవత్సరానిదో ఎలా పట్టుకోవాలి?

మీకు సీఐడీ లక్షణం కొంచెం ఉండాలి. నేను చూసే వరస ఇది.

మొదట వీపు మీద పేరు. 1977–78 సీజన్ నుంచి ఎన్‌హెచ్‌ఎల్ పేర్లు తప్పనిసరి చేసింది. టొరంటో యజమాని హెరాల్డ్ బల్లార్డ్‌కి ఇది నచ్చలేదు. వీపు మీదే పేరుంటే ఇక ఆటగాళ్ళ పేర్లున్న ప్రోగ్రామ్ పుస్తకం ఎవడు కొంటాడని ఆయన బాధ. లీగ్ జరిమానా వేస్తానంటే 1978 ఫిబ్రవరిలో చికాగోలో జరిగిన మ్యాచ్‌కి నీలం జెర్సీ మీద నీలం అక్షరాలే కుట్టించి దించాడు. పేరు ఉంది, కనిపించదు. ఈ కథ తెలిసినప్పటి నుంచి మొండితనానికి కొలమానం నాకు బల్లార్డే.

తర్వాత రంగు. 1970–71 నుంచి 2002–03 దాకా సొంత ఊళ్ళో ఆడే జట్టు తెలుపు వేసుకునేది, వచ్చిన జట్టు ముదురు రంగు. దానికి ముందు, 1955 తర్వాతి కాలంలో సరిగ్గా తలకిందులు. 2003–04 నుంచి మళ్ళీ తిరగబడింది. కాబట్టి 1985లో బోస్టన్ తమ సొంత మైదానంలో ఆడిన మ్యాచ్‌లోది అని చెప్పి ఎవరైనా నల్ల జెర్సీ చూపిస్తే, కథ చెప్పేవాడికి లెక్క తెలియదన్నమాట.

అంకె కూడా చూడాలి. గొప్ప ఆటగాళ్ళు అంకెలు మార్చిన తేదీలు ఉంటాయి. గోర్డీ హోవ్ అనగానే అందరికీ 9 గుర్తొస్తుంది గానీ 1946–47లో మొదటి సీజన్ 17తో ఆడాడు. రే బోర్క్ బోస్టన్‌కి 7 వేసుకునేవాడు. 1987 డిసెంబర్ 3న పాత ఆటగాడు ఫిల్ ఎస్పోజిటో గౌరవార్థం ఆ 7ని శాశ్వతంగా పక్కన పెట్టే కార్యక్రమం జరిగింది. బోర్క్ స్కేట్ చేసుకుంటూ ఎస్పోజిటో దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా 7 జెర్సీ విప్పి చేతికిచ్చాడు. లోపల ఇంకో జెర్సీ ఉంది, దాని మీద 77. అంటే బోర్క్ 7 జెర్సీ ఏదైనా ఆ రాత్రికి ముందుదే అయి ఉండాలి. ఒక్క తేదీ వంద సర్టిఫికెట్ల పని చేస్తుంది.

ఇక మిగిలినది లేబుల్. పాతకాలంలో న్యూయార్క్‌లో జెర్రీ కాస్బీ, ఇంకా రాలింగ్స్, సీసీఎం. సీసీఎం జెర్సీలు క్యుబెక్‌లో సెంట్ ఇయాసింత్ అనే ఊళ్ళో కుట్టేవాళ్ళు. 1990ల్లో స్టార్టర్, నైకీ, ప్రో ప్లేయర్ లాంటివాళ్ళు కూడా వచ్చారు. 2005లో లీగ్ మొత్తం రీబాక్ చేతికి వెళ్ళింది, 2007–08లో ఎడ్జ్ అనే బిగుతు కోత వచ్చింది, 2017–18 నుంచి అడిడాస్, 2024–25 నుంచి ఫనాటిక్స్. లేబుల్ శైలి రెండు మూడేళ్ళకోసారి మారుతుంది. దాని మీదే పెద్ద పెద్ద వాదనలు జరుగుతుంటాయి, అంత లోతుకి ఇక్కడ వెళ్ళను.

ఆ మరకలు, గీతలు ఏమిటి? మురికికి డబ్బులిస్తున్నారా?

అవును, సిగ్గుపడకుండా చెప్తున్నా, మురికికే.

నల్లటి చారలు పక్‌వి. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ళ, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. అది వేగంగా వచ్చి తగిలితే రబ్బరు బట్టకి అంటుకుపోతుంది. మెరుస్తూ గట్టిపడిన చోట్లు రింక్ చుట్టూ ఉండే చెక్కబోర్డుకి రాసుకున్నవి. పాలిస్టర్ ఆ రాపిడికి కొంచెం కరిగిపోతుంది, గోరుతో తడిమితే గరుకుగా తగులుతుంది. భుజాలు, మోచేతులు, నడుము పక్కల్లో ఇవి ఎక్కువ. బోర్డు అడుగున ఉండే పసుపు పట్టీ రంగు, పక్కన ప్రకటనల రంగులు కూడా అంటుకుంటాయి. స్కేటు అంచు తగిలితే బ్లేడుతో కోసినట్టు సూటిగా తెగుతుంది. కర్ర చివర తగిలితే చిరుగు ఒంకరగా ఉంటుంది. ముంజేతి దగ్గర నూలు పోగులు లేచి ముళ్ళు ముళ్ళుగా ఉంటే అది గ్లవ్ రాపిడి.

రఫూలు నాకు అన్నిటికన్నా ఇష్టం. జట్టు ట్రైనర్ చేతిలో ఏ దారం ఉంటే ఆ దారంతో, మ్యాచ్ మధ్యలో, అందం గురించి ఆలోచించకుండా కుట్టేసిన కుట్టు అది. ఎర్ర జెర్సీ మీద తెల్ల దారం. వీధి చివర దర్జీ చూస్తే నవ్విపోతాడు. కానీ అలాంటి కుట్టు ఇంకో జెర్సీ మీద ఉండదు.

లోపల వెనక అంచుకి ఒక పట్టీ ఉంటుంది, ఫైట్ స్ట్రాప్ అంటారు. హాకీలో కొట్టుకోవడం మామూలే కాబట్టి, అవతలివాడు జెర్సీని తల మీదకి లాగకుండా ప్యాంటుకి బిగించుకునే ఏర్పాటు. బఫెలో జట్టులో రాబ్ రే అని ఒక మొనగాడు కొట్లాట మొదలవ్వగానే తనే జెర్సీ వదిలించుకునేవాడు, పట్టుకోవడానికి ఏమీ లేకుండా. చివరికి జెర్సీ కట్టుకోకుండా కొట్లాటకి దిగితే శిక్ష వేసేలా 1990ల్లో లీగ్ రూలు పెట్టాల్సి వచ్చింది. ఆ పట్టీ లాగి లాగి సాగిపోయి, దాని చుట్టూ బట్ట నలిగి ఉంటే మంచి గుర్తు. 1950ల ఉన్ని స్వెటర్‌కి ఆ పట్టీ ఉంటే చెడ్డ గుర్తు.

ఆటగాడి అలవాట్లు కూడా బట్టలో మిగిలిపోతాయి. వేన్ గ్రెట్జ్కీ చిన్నప్పుడు తనకన్నా పెద్దపిల్లలతో ఆడేవాడు, జెర్సీ లూజుగా ఉండేది, అందుకని కుడిపక్క ప్యాంటులోకి దోపుకునేవాడు. పెద్దయ్యాక కూడా మానలేదు. అతనిది అన్నప్పుడు మావాళ్ళ కళ్ళు ముందు ఆ కుడి అంచు మీదికే వెళ్తాయి. గోలీ, అంటే గోల్‌కీపర్, జెర్సీ అయితే పక్ గుర్తులు చేతుల మీద, పొట్ట మీద ఉండాలి. వీపు నిండా ఉంటే ఆ గోలీ ఎటు తిరిగి ఆడాడో అమ్మేవాణ్ణే అడగండి.

ఫోటో మ్యాచ్ అంటారు, అదెలా చేస్తారు?

జాతకాలు కలపడం లాంటిదే, కాకపోతే ఇక్కడ గ్రహాలు అబద్ధం చెప్పవు. చేతిలో ఉన్న జెర్సీనీ, ఆ ఆటగాడు వేసుకున్నప్పుడు తీసిన ఫోటోనీ పక్కపక్కన పెట్టి, ఇది అదే అని తేల్చడం. అంకె, పేరు కలిస్తే సరిపోదు, అవి అన్ని జెర్సీలకీ ఒకలాగే ఉంటాయి. ఆ ఒక్కదానికే ఉండే లోపం కలవాలి.

మెష్ జెర్సీలకి ఇది తేలిక. అంకె అంచు దగ్గర రంధ్రాలు ఎక్కడ సగానికి తెగాయో లెక్కపెడతారు. ట్విల్ అంకెని చేత్తో పెట్టి కుడతారు కాబట్టి ప్రతి జెర్సీలోనూ ఆ లెక్క వేరు. చారలు పక్క కుట్టు దగ్గర కలిసేచోట ఎంత తేడాగా కలిశాయో చూస్తారు. ముందు బొమ్మ ఎటు ఒరిగింది, ఏ మూల దారం వదులైంది, రఫూ ఎక్కడుంది. ఉన్ని స్వెటర్లలో చారల వరసలు అల్లికలోనే కొంచెం వంకరగా ఉంటాయి, అది వేలిముద్రలా పనిచేస్తుంది. పాత నలుపు తెలుపు ఫోటోల్లో ఇవి తెలియాలంటే పత్రిక కాయితం మీద అచ్చయిన బొమ్మ చాలదు. నెగెటివ్ నుంచి తీసిన మంచి ప్రింటు కావాలి. నేను ఒక్క స్వెటర్ కోసం లైబ్రరీల్లో, ఫోటో ఏజెన్సీల ఆర్కైవుల్లో ఏడు నెలలు వెతికాను. మా ఆవిడ ఆ ఏడు నెలలని ఇప్పటికీ దెప్పుతుంటుంది.

ఒక చిన్న తర్కం మాత్రం మర్చిపోకూడదు. రఫూ మీ చేతిలో ఉన్నదానికి ఉంది, ఫోటోలో లేదు అంటే ఫర్వాలేదు, ఆ ఫోటో చిరుగుకి ముందుది కావచ్చు. రఫూ ఫోటోలో ఉంది, మీ చేతిలో ఉన్నదానికి లేదు అంటే కథ ముగిసింది. అది వేరే జెర్సీ. పక్ గుర్తులకి ఈ సూత్రం అంత గట్టిగా పనిచేయదు, కొన్ని ఉతుకులకి అవి కాస్త వెలిసిపోతాయి.

ఇది వృత్తిగా చేసేవాళ్ళు ఉన్నారు. మైగ్రే అనే సంస్థ జట్ల దగ్గరే నేరుగా జెర్సీలు తీసుకుని, ప్రతిదానికీ నంబరు వేసి అమ్ముతుంది, ఫోటో మ్యాచ్ కూడా చేస్తుంది. ఈ కాలం జెర్సీలకి అది మంచి దారి. 1960ల వాటికి మాత్రం కళ్ళు మనవే నొప్పి పెట్టుకోవాలి.

సర్టిఫికెట్ ఉంటే చాలదా?

సర్టిఫికెట్ ఎవరు రాశారు, ఏం చూసి రాశారు అన్నదే విషయం. “మా అభిప్రాయంలో ఇది ఆటలో వాడినదే” అని ఒక్క వాక్యం రాసి ముద్ర కొట్టిన కాయితం చాలా చూశాను. అది అభిప్రాయం, రుజువు కాదు. జట్టు ఇచ్చిన ఉత్తరం, ట్రైనర్ కుటుంబం చేతిరాతతో ఇచ్చిన ఉత్తరం, తేదీ ఉన్న ఫోటో, పాత వేలం జాబితాలో అదే జెర్సీ బొమ్మ: ఇవి రుజువు వైపుకి వస్తాయి. “మా తాతగారికి గోర్డీ హోవ్ స్వయంగా ఇచ్చాడు” అన్నది కథ. మంచి కథే కావచ్చు. కథకి డబ్బులివ్వకండి.

మీరెప్పుడైనా మోసపోయారా?

రెండుసార్లు. ఒకటే చెప్తాను.

1980ల నాటి జెర్సీ, ఓ మోస్తరు పేరున్న ఆటగాడిది. అమ్మినవాడు నెమ్మదస్తుడు, ఫోన్లో గంటసేపు హాకీ గురించి మాట్లాడాడు. ఇంటికి వచ్చాక లోపల వైపు తిప్పి దీపం కింద చూశాను. వీపు మీద పేరు విడి గుడ్డ మీద కుట్టి, ఆ పట్టీని జెర్సీకి కుట్టారు. అది మామూలే, చాలా జట్లు అలాగే చేస్తాయి. కానీ పట్టీ కింద ఇంకో వరస సూది రంధ్రాలు ఉన్నాయి, ఇప్పటి పట్టీ కన్నా రెండంగుళాలు పొడవు. అంటే అంతకుముందు అక్కడ పొడుగు పేరున్న ఇంకెవరో ఆటగాడు ఉన్నాడు. జెర్సీ నిజంగా ఆటలో వాడినదే, కానీ ఎవరో అనామకుడు వాడినది. దానికి పేరున్నవాడి పట్టీ తగిలించారు. మేడిపండు అంటే అదే.

డబ్బులు వెనక్కి రాలేదు. అప్పటి నుంచి లోపలి వైపు ఫోటోలు పంపనివాడి దగ్గర నేను కొనను. మెడ లేబుల్, పేరు పట్టీ వెనక, అంకెల వెనక, ఫైట్ స్ట్రాప్, అడుగు అంచు: ఈ ఐదూ లోపలి నుంచి ఫోటోలు అడగండి. నిజాయితీ ఉన్నవాడు విసుక్కోడు.

అతినీలలోహిత లైటు కొని కుట్టు మీద వేస్తే కొత్త పాలిస్టర్ దారం వెలుగుతుంది, పాత నూలు దారం సాధారణంగా వెలగదు అని ఒక చిట్కా ఉంది. పనికొచ్చేదే. అయితే తెల్లదనం పెంచే డిటర్జెంటుతో ఉతికిన పాత జెర్సీ కూడా దీపావళిలా వెలుగుతుంది. కాబట్టి ఆ లైటు ఒక్కదాన్నే నమ్ముకుని తీర్పు చెప్పకండి.

ఉతకొచ్చా?

వద్దు.

మా అమ్మ మొదటిసారి కెనడా వచ్చినప్పుడు నేను ఆఫీసుకి వెళ్ళాక కుర్చీ మీద ఉన్న జెర్సీని చూసి, కొడుకు ఎంత అసహ్యంగా బతుకుతున్నాడో అని బాధపడి, బకెట్లో నానబెట్టి, బ్రష్షు కొట్టి, బాల్కనీలో ఆరేసింది. చిన్న లీగ్ జెర్సీ కాబట్టి సరిపోయింది. ఎరుపు దిగి తెల్ల అంకె గులాబీ రంగుకి వచ్చింది. పక్ గుర్తులు సగం పోయాయి. “మరకలు ఇంకా కొన్ని పోలేదురా, రేపు నిమ్మకాయ వేసి చూస్తాను” అంది. నేను ఏమీ అనలేదు. ఆ జెర్సీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికీ అమ్మేది లేదు.

మరి ఎలా దాచాలి?

ఇంట్లో పట్టుచీరలు దాచే పెద్దావిడ ఉంటే ఆవిణ్ణి అడగండి, నా కన్నా బాగా చెప్తుంది. ఎండ తగలకూడదు. మడతలు ఒకేచోట పడకుండా నాలుగైదు నెలలకోసారి తీసి మడత మార్చాలి. ఇనుప హ్యాంగరుకి వేలాడదీయకూడదు, ఉన్ని అయితే భుజాలు సాగిపోతాయి. ఆమ్లం లేని తెల్ల టిష్యూ కాయితం మధ్యలో పెట్టి, వీలైతే పరిచి ఉంచడం మంచిది. ఉన్నికి చిమ్మట పురుగు ప్రమాదం. నాఫ్తలీన్ ఉండలు నేరుగా బట్ట మీద వేయొద్దు. ప్లాస్టిక్ కవర్లో గాలాడకుండా బిగించొద్దు. కాకినాడలోనో విశాఖలోనో ఉండేవాళ్ళకి సముద్రపు తేమ వల్ల బూజు భయం ఇంకా ఎక్కువ, ఏసీ గదిలోని బీరువా మేలు.

ఫ్రేమ్ కట్టిస్తే జిగురు, పిన్నులు వాడొద్దని ముందే చెప్పండి. సన్న దారంతో అక్కడక్కడ కుట్టి నిలబెట్టాలి, అద్దం యూవీని ఆపేదై ఉండాలి. ఇంత చెప్పి నాది సోఫా మీద పెట్టుకున్నాను, కిటికీకి దూరంగానే లెండి.

చిరుగులు బాగు చేయించాలా?

ట్రైనర్ చేసిన రఫూ చరిత్ర. మీరు చేయించిన రఫూ నష్టం. చిరుగు పెద్దదవుతుంటే మాత్రం వెనక నుంచి ఆనించి పట్టే పని తెలిసిన వస్త్ర సంరక్షకులు ఉంటారు, వాళ్ళకివ్వండి.

సంతకం ఉంటే విలువ పెరుగుతుందా?

నా మటుకు నాకు తగ్గుతుంది. ముప్పై ఏళ్ళ తర్వాత వెండి రంగు మార్కర్‌తో అంకె మీద అడ్డంగా గీసిన సంతకం, ఆ అంకె మీదున్న గుర్తుల్ని కప్పేస్తుంది. మార్కెట్‌లో కొందరు దానికి ఎక్కువ ఇస్తారు. అది వాళ్ళిష్టం.

అసలు ఎంత పలుకుతాయి?

ఆకాశంలో ఉన్నవి ముందు చెప్తాను, సరదాగా.

1972లో కెనడా, సోవియట్ జట్ల మధ్య ఎనిమిది మ్యాచ్‌ల సమరం జరిగింది. సెప్టెంబర్ 28న మాస్కోలో చివరి మ్యాచ్, 34 సెకన్లు ఉందనగా పాల్ హెండర్సన్ గోలు కొట్టి గెలిపించాడు. ఇక్కడ పెద్దవాళ్ళని అడిగితే ఆ నిమిషంలో తాము ఏ తరగతి గదిలో ఉన్నారో కూడా చెప్తారు, మనవాళ్ళు 1983 ప్రపంచకప్ గురించి చెప్పినట్టు. ఆ జెర్సీని హెండర్సన్ జట్టు ట్రైనర్ జో స్గ్రోకి ఇచ్చేశాడు. 2010లో వేలంలో అది 12 లక్షల అమెరికా డాలర్లు దాటింది. కొన్న కెనడా వ్యాపారి దాన్ని ఇంట్లో దాచుకోకుండా దేశమంతా తిప్పి జనానికి చూపించాడు.

1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో సోవియట్‌ల మీద అమెరికా కుర్రాళ్ళు 4–3తో గెలిచిన మ్యాచ్‌లో గెలుపు గోలు కొట్టిన మైక్ ఎరుజియోని జెర్సీ 2013లో 6,57,250 డాలర్లకి పోయింది. 1988లో ఎడ్మంటన్ తరఫున గ్రెట్జ్కీ చివరగా వేసుకున్నది, ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచిన రాత్రిది, 2022లో 14 లక్షల 52 వేల డాలర్లు పలికింది. ఆ కప్పు గెలిచిన రెండున్నర నెలలకే అతన్ని లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేశారు. ఎడ్మంటన్‌వాళ్ళు ఆ ఆగస్టు 9ని ఇంకా క్షమించలేదు.

వేలంలో కొంటే, పలికిన ధర మీద కొనుగోలుదారు కమిషన్ అదనంగా ఉంటుంది, తరచుగా 20 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దాన్ని లెక్కేసుకోకుండా చెయ్యెత్తి తర్వాత నాలుక కరుచుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అంత డబ్బు లేనివాళ్ళు ఏం కొనాలి?

మామూలు ఆటగాళ్ళవి. మూడో లైనులో, అంటే స్టార్ల తర్వాత దిగే గుంపులో ఆడి, కొట్లాడి, పళ్ళు పోగొట్టుకుని, పేరు తెచ్చుకోకుండా వెళ్ళిపోయినవాళ్ళ జెర్సీల మీద గుర్తులు స్టార్ల వాటికన్నా ఎక్కువ ఉంటాయి, ధర మాత్రం చాలా తక్కువ. చిన్న లీగ్‌లవి ఇంకా చవక. మొదటిది అక్కడే కొనండి, చెయ్యి తిరుగుతుంది.

కొంచెం ఎక్కువ పెట్టగలిగితే మూతపడిన జట్లవి చూడండి. 1972 నుంచి 1979 దాకా డబ్ల్యూహెచ్ఏ అని పోటీ లీగ్ నడిచింది. అది మూతపడ్డాక ఎడ్మంటన్, విన్నిపెగ్, క్యుబెక్, హార్ట్‌ఫర్డ్ జట్లు ఎన్‌హెచ్‌ఎల్‌లోకి వచ్చాయి. కాన్సస్ సిటీ స్కౌట్స్ 1974 నుంచి 1976 దాకా రెండే సీజన్లు బతికింది. అదే కొలరాడో రాకీస్ అయ్యి, 1982లో న్యూజెర్సీ డెవిల్స్ అయ్యింది. ఎడిసన్‌లో ఉండే మనవాళ్ళు డెవిల్స్ టోపీ పెట్టుకుని తిరుగుతుంటారు, ఆ జట్టు పుట్టిల్లు కాన్సస్ సిటీ అని చెప్తే నమ్మరు.

నాకు ఎప్పటి నుంచో దొరకనిది రాబిన్ బావాది. భారతీయ మూలాలున్నవాళ్ళలో ఎన్‌హెచ్‌ఎల్ ఆడిన మొదటివాడు, 1989–90లో వాషింగ్టన్ తరఫున మొదలుపెట్టి మొత్తం 61 మ్యాచ్‌లు ఆడాడు. అంత తక్కువ ఆడినవాళ్ళవి మిగిలేవి కూడా తక్కువే. అమ్మేవాళ్ళు దాని విలువ తెలియక అడుగున పడేసి ఉంటారనే ఆశతో ప్రతి పెట్టె అడుగుదాకా వెతుకుతాను.

వేసుకుని తిరగొచ్చా?

మీ డబ్బు, మీ జెర్సీ. కానీ సాంబారు పడితే అది పక్ గుర్తు కిందకి రాదు.

ఇండియాకి పంపించుకోవచ్చా?

జాగ్రత్త. వాడిన బట్టల దిగుమతి మన దేశంలో ఆంక్షలున్న జాబితాలో ఉంది, లైసెన్సు అడుగుతారు. మీకది లక్షల విలువైన వస్తువు కావచ్చు, కస్టమ్స్ కౌంటర్ దగ్గర మాత్రం మరకలున్న పాత చొక్కా. కొరియర్‌లో వేసేముందు కస్టమ్స్ పని చూసే ఏజెంటుని అడగండి. హైదరాబాద్‌లో ఉంటూ కొనే స్నేహితుడొకాయన తనవన్నీ న్యూజెర్సీలో అక్కగారింట్లో ఉంచుతాడు. ఆవిడ వాటిని ఉతకనని మాటిచ్చిందట.

మీ తర్వాత ఇవన్నీ ఎవరికి?

ఈ ప్రశ్న మా అబ్బాయి అడిగాడు, కొంచెం భయంగానే.

ప్రతి జెర్సీకీ ఒక ఫైలు పెట్టాను. అందులో కొన్న రసీదు, ఎవరి చేతులు మారి వచ్చిందో కాయితాలు, కలిసిన ఫోటో, ఏ గుర్తు ఎక్కడ కలిసిందో బాణం గుర్తులు వేసిన ప్రింటు. ఫైలు లేని జెర్సీ నా తర్వాత గ్యారేజ్ సేల్‌లో పది డాలర్లకి పోతుందని తెలుసు, ఎందుకంటే నేను కొన్న వాటిల్లో రెండు అలాగే దొరికాయి. ఫైళ్ళు బియ్యం డబ్బా పక్కనున్న పాత సూట్‌కేసులో ఉన్నాయి. ఇంట్లో అందరూ రోజూ వెళ్ళే చోటు అదొక్కటే.